పువ్వు పుట్టగనే పరిమళించునా?

పువ్వు పుట్టగనే పరిమళించునని మనలో ఒక సామెత కలదు. ఇంటిలో పసివాడు ఒక పద్యమును తడబడక చదివినను, బంతిని గురి తప్పక విసరినను పెద్దలు ఈ మాట అనుకొని మురిసిపోవుదురు. మురియుటలో తప్పు లేదు. కాని ఆ మాట వెనుకనే మరియొక మాట వచ్చును. “పొరుగింటి పిల్లవాడు వీనికంటె బాగుగా చేయుచున్నాడే” అన్నదే ఆ రెండవ మాట. ఇద్దరు బాలురను ప్రక్కప్రక్కన నిలువబెట్టి, వీరిలో ఎవడు ఎంతవాడు కాగలడో ఇప్పుడే తేల్చవలెనను కోరిక మానవునకు సహజము.

ఈ కోరికను ఒక పెద్ద వ్యాపారముగను, దాదాపు ఒక శాస్త్రముగను పెంచినది అమెరికాలోని బాస్కెట్‌బాల్ లోకము. అక్కడ ప్రతి యువకుని ఆటకును లెక్క ఉన్నది. ఆ లెక్క దాచబడినది కాదు. కనుక ఇరువది ఏండ్లు గడచిన పిమ్మట ఎవరి అంచనా ఎంతవరకు నిజమైనదో సరిచూచుకొనుటకు వీలగుచున్నది. నేటి ప్రసంగమున ఆ లోకమునుండి కొందరు యువకుల తొలి సంవత్సరములను తీసికొని, పోల్చుట యనునది ఎట్లు చేయవలెనో, ఎట్లు చేయరాదో కొంత విచారింతము.

మొదట ఆటను గూర్చి నాలుగు మాటలు. 1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రములోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున జేమ్స్ నెయిస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు ఈ ఆటను కల్పించెను. చలికాలమున కట్టడము లోపలనే ఆడుకొనదగిన ఆట యొకటి కావలసివచ్చి, పీచ్ పండ్ల బుట్టలు రెండింటిని ఎత్తుగా కట్టించి, వానిలో బంతి వేయుడని చెప్పెను. నేడు బుట్టకు బదులు 10 అడుగుల ఎత్తున ఇనుప వలయమును, దానికి వ్రేలాడు వలయును ఉండును. జట్టునకు ఐదుగురు ఆటగాండ్రు. ఎన్.బి.ఏ. అని పిలువబడు అమెరికా వృత్తిక్రీడాకారుల లీగులో ఒక్కొక్క ఆట 48 నిమిషములు సాగును. ఐదుగురిని 48 చేత గుణించినచో 240 వచ్చును. అనగా, అదనపు సమయము పడినపుడు తప్ప, ఒక జట్టు ఒక ఆటలో తన ఆటగాండ్రకు పంచిపెట్టగల నిమిషములు 240 మాత్రమే. బెంచీ మీద వేచియుండువారిని కూడ కలిపినచో జట్టులో పన్నెండుగురికి తక్కువ ఉండరు. ఈ 240 నిమిషములలో ఎవరి వంతు ఎంత? యువకుని భవిష్యత్తులో సగము ఈ ప్రశ్న మీదనే ఆధారపడి యుండును. ఈ సంఖ్యను శ్రోతలు జ్ఞాపకముంచుకొనుదురు గాక.

ఈ లీగులో సంవత్సరమునకు ఒకమారు క్రొత్తవారిని ఎన్నుకొందురు. దీనికి డ్రాఫ్టు అని పేరు. గడచిన యేడు ఎక్కువగా ఓడిన జట్లకు, కొంత లాటరీ పద్ధతితో, ముందుగా ఎన్నుకొను అవకాశము లభించును. బలహీనునకు చేయూత నిచ్చుటయే దీని ఉద్దేశము. 2003 జూన్ 26వ తేదీన న్యూయార్కులో జరిగిన ఎంపిక ఈనాటికిని చెప్పుకొనదగినది. ఆనాడు మొదటి ఐదు స్థానములలో వచ్చిన యువకులు వీరు: క్లీవ్‌లాండ్ జట్టు ఎన్నుకొన్న లెబ్రాన్ జేమ్స్, డెట్రాయిట్ ఎన్నుకొన్న సెర్బియా యువకుడు డార్కో మిలిచిచ్, డెన్వర్ ఎన్నుకొన్న కార్మెలో ఆంథొనీ, టొరాంటో ఎన్నుకొన్న క్రిస్ బాష్, మయామీ ఎన్నుకొన్న డ్వేన్ వేడ్.

వీరిని పోల్చుటకు ముందు వయసు చూడవలెను. జేమ్స్ ఒహాయో రాష్ట్రములోని ఆక్రన్ పట్టణపు హైస్కూలునుండి నేరుగా వచ్చిన 18 ఏండ్ల బాలుడు. మిలిచిచ్ 18 నిండి అప్పటికి ఆరు దినములే అయినది. ఆంథొనీకిని, బాష్‌కును 19. ఆంథొనీ సిరక్యూస్ విశ్వవిద్యాలయమున మొదటి సంవత్సరపు విద్యార్థిగానే ఆ జట్టును 1903 కాదు, వంద ఏండ్ల ముచ్చట కాదు, ఆ 2003వ సంవత్సరముననే జాతీయ విజేతగా నిలిపి వచ్చినవాడు. వేడ్‌కు 21 ఏండ్లు. మార్క్వెట్ విశ్వవిద్యాలయమున రెండు సీజనులు ఆడి పదునెక్కినవాడు. ముప్పది ఏండ్లవానికిని ముప్పదిమూడేండ్లవానికిని భేదము స్వల్పము. పదునెనిమిదికిని ఇరువదియొకటికిని మధ్య నున్నది ఎముక గట్టిపడు కాలము, బుద్ధి కుదురుకొను కాలము. పిల్లల ఆటలలో ఈ భేదము ఇంకను ఎక్కువ. ఒకే తరగతిలో సంవత్సరారంభమున పుట్టినవారు, సంవత్సరాంతమున పుట్టినవారికంటె జట్లలో ఎక్కువగా ఎన్నిక యగుచుందురని హాకీ, ఫుట్‌బాల్ మున్నగు ఆటలను పరిశీలించినవారు పలు దేశములలో గమనించిరి. వారు కేవలము ప్రతిభచేత ముందున్నవారు కారు. కొన్ని నెలలు ముందు పుట్టినవారు.

ఇక మొదటి సంవత్సరపు లెక్క. 2003–04 సీజనులో జేమ్స్ ఒక్కొక్క ఆటకు సగటున 20.9 పాయింట్లు చేసెను, ఆంథొనీ 21.0, వేడ్ 16.2, బాష్ 11.5. మిలిచిచ్ చేసినది 1.4. ఆ యేటి ఉత్తమ నూతన క్రీడాకారుడను బహుమతి జేమ్స్‌కు లభించెను. కాని ఆంథొనీ పక్షమున వాదించినవారు కూడ అల్పులు కారు. ముందటి యేడు 17 ఆటలే గెలిచిన డెన్వర్ జట్టు, అతడు వచ్చిన పిమ్మట 43 గెలిచి తుది పోటీలకు అర్హత పొందెను. అంతకు ముందు అన్నియే గెలిచిన క్లీవ్‌లాండ్ 35 గెలిచి ఆగిపోయెను. 2004వ సంవత్సరమున ఇద్దరు మిత్రులు కూర్చుండి వీరిలో ఎవడు గొప్పవాడని తర్కించినచో ఇరువురి మాటకును బలము ఉండెడిది.

అయితే ఆ 1.4 మాట ఏమి? ఇచ్చట మన 240 నిమిషములను తలచుకొనవలెను. జేమ్స్‌కు ఆటకు 39 నిమిషములకు పైగా దొరకినవి. ఆంథొనీకి 36కు పైగా దొరకినవి. మిలిచిచ్‌కు ఆ సంవత్సరమంతయు కలిపి 34 ఆటలలో, ఆటకు 5 నిమిషములకంటె తక్కువ దొరకెను. కారణము విచిత్రమైనది. డెట్రాయిట్ ఓడిన జట్టు కాదు. ముందటి యేడు 50 ఆటలు గెలిచిన బలమైన జట్టు. మరియొక జట్టుతో ఎన్నడో చేసికొన్న మార్పిడి వలన రెండవ స్థానము దాని చేతికి వచ్చినది. బలమైన జట్టునకు క్రొత్తవాని అక్కర లేదు. శిక్షకుడు లారీ బ్రౌన్ అనుభవజ్ఞులను నమ్మినవాడు. జట్టు గెలుచుచుండగా బాలునకు నేర్పుటకై నిమిషములు వెచ్చింపుమని ఎవరు చెప్పగలరు? 2004 జూనులో డెట్రాయిట్ విజేత యయ్యెను. ఆ ఐదుగురిలో అందరికంటె ముందు విజేత జట్టువాడనిపించుకొన్నది, 19వ యేడు నిండని మిలిచిచ్‌యే. విజయోత్సవమున అతడున్నాడు, విజయమున అతనికి పాలు లేదు. యువకునకు ఇంతకంటె చేదైన బహుమానము మరియొకటి ఉండదు.

అతడు 2006 ఫిబ్రవరిలో ఓర్లాండో జట్టునకు మార్చబడెను. పిమ్మట మరి కొన్ని జట్లలో ఆడి, 2012లో ఆ లీగును విడిచెను. తరువాత స్వదేశమునకు పోయి పండ్లతోటల సాగులో దిగెను. తన వైఫల్యమున తన తప్పు కూడ ఉన్నదని అతడే దాపరికము లేక ఒప్పుకొన్నాడు. కనుక దోషమంతయు జట్టుమీద మోపుట న్యాయము కాదు. కాని పదునెనిమిదేండ్ల వానికి పరదేశమున, పరభాషలో, బెంచీ మీద కూర్చుండి కోపమును దిగమ్రింగుట ఎట్లో నేర్పినవారు ఎవరు? ఆటలో ఆ పాఠమునకు లెక్క వ్రాయరు.

ఆ బెంచీకి ఎదురుగా అదే జట్టులో ఆడుచున్న మరి ఇద్దరిని చూడుడు. ఒకడు బెన్ వాలెస్. 1996 ఎంపికలో అతనిని ఏ జట్టును ఎన్నుకొనలేదు. పేరే పిలువబడని వాడు పిమ్మట నాలుగుమారులు లీగులోకెల్ల ఉత్తమ రక్షకుడను బిరుదు నందెను. రెండవవాడు చాన్సీ బిలప్స్. 1997లో మూడవ స్థానమున ఘనముగా ఎన్నుకొనబడి, తొలి సీజను ముగియకముందే బోస్టన్ జట్టుచేత మార్చివేయబడెను. అటు పిమ్మట జట్టు వెంట జట్టు తిరిగి 2002లో డెట్రాయిట్ చేరెను. 2004 తుది పోటీలలో శ్రేష్ఠుడను బహుమతి అతనిదే. ఎవరును కోరనివాడొకడు, కోరి విడిచినవాడొకడు. వారిద్దరును మూలస్తంభములైన జట్టులో, అందరును కోరిన మిలిచిచ్ కూర్చుండి చూచెను. ఒకే కప్పు క్రింద మూడు విధములైన ఆరంభములు. తొలి సంవత్సరపు అంకె ఈ మూటిలో దేనిని సరిగా చెప్పగలిగినది?

అట్లని అంకెలు వ్యర్థములని నా భావము కాదు. ఏ అంకె చూడవలెనన్నదే ప్రశ్న. రెండవ సంవత్సరమును చూచినచో చిత్రము మారును. జేమ్స్ 20.9 నుండి 27.2కు పెరిగెను. అంతకంటె ముఖ్యముగా, మొదటి యేడు అతడు విసరిన నూరు బంతులలో 42 కంటె తక్కువే లోపల పడగా, రెండవ యేడు 47 పడినవి. వేడ్ 16.2 నుండి 24.1కు ఎదిగెను. ఆంథొనీ 21.0 నుండి 20.8కి వచ్చి దాదాపు ఉన్నచోటనే నిలిచెను. ఎంత ఎత్తున నున్నాడన్నది మొదటి యేడు చెప్పును. ఎటు పోవుచున్నాడన్నది రెండవ యేడు చెప్పును. రైలుబండి ఏ స్టేషనులో ఉన్నదో తెలిసినంతమాత్రమున అది ఏ ఊరు చేరునో తెలియదు గదా!

పిమ్మటి చరిత్ర జగద్విదితము. 2006లో తుది పోటీలలో మొదటి రెండు ఆటలు ఓడిన మయామీ, వేడ్ విజృంభణముచేత తరువాతి నాలుగును గెలిచి విజేత యయ్యెను. జేమ్స్ 2012, 2013, 2016, 2020 సంవత్సరములలో విజేత జట్లలో ఆడెను. 2023 ఫిబ్రవరి 7వ తేదీన, కరీమ్ అబ్దుల్ జబ్బార్ పేర నుండిన 38,387 పాయింట్ల రికార్డును దాటెను. నెమ్మదిగా మొదలిడిన బాష్, 2010లో జేమ్స్, వేడ్‌లతో మయామీలో కలిసి రెండుమారులు విజేత యయ్యెను. రక్తము గడ్డకట్టు వ్యాధి అతని ఆటను 2016లో నిలిపివేసెను. ఆంథొనీ 2012–13లో లీగునందు అత్యధిక సగటు సాధించెను. 2023లో విరమించునాటికి 28,289 పాయింట్లు చేసెను. అయినను తుది పోటీ మెట్టు అతడు ఎన్నడును ఎక్కలేదు. జేమ్స్ విషయమున మన సామెత నిజమే. కొన్ని పువ్వులు పుట్టగనే పరిమళించును. కాని అన్ని పువ్వులును అట్లు పరిమళింపవలెనని ఆ సామెత చెప్పలేదు.

దీనికి పదేండ్ల తరువాతి ఉదాహరణము ఒకటి ఇంకను స్పష్టమైనది. 2013 ఎంపికలో ఫిలడెల్ఫియాకు 11వ స్థానమున మైకేల్ కార్టర్-విలియమ్స్ వచ్చెను. మిల్వాకీ జట్టు 15వ స్థానమున యానిస్ ఆంటెటోకుంపో అను యువకుని ఎన్నుకొనెను. ఇతడు నైజీరియానుండి వచ్చిన తలిదండ్రులకు ఏథెన్సు నగరమున పుట్టి, సోదరులతో కలిసి వీధులలో చిన్న చిన్న వస్తువులు అమ్మి, గ్రీసు దేశపు రెండవ శ్రేణి లీగులో ఆడి వచ్చిన 18 ఏండ్ల బక్కపలుచని బాలుడు. కార్టర్-విలియమ్స్ తన మొట్టమొదటి ఆటలోనే, అప్పటి విజేత మయామీ మీద, 22 పాయింట్లు చేసి, 12 మారులు తోటివారికి బుట్టలో వేయుటకు బంతి నందించి, 9 మారులు ప్రత్యర్థుల చేతినుండి బంతి లాగుకొనెను. ఆ సంవత్సరము సగటున 16.7 పాయింట్లు చేసి ఉత్తమ నూతన క్రీడాకారుడయ్యెను. ఆంటెటోకుంపో సగటు 6.8. ప్రక్కప్రక్కన పెట్టి చూచినవాడు ఎవనిని గొప్పవాడనును?

కాని జాగ్రత్తగా చూచినవారికి కొన్ని గుర్తులు కనబడియుండును. మొదటివానికి 22 ఏండ్లు, రెండవవానికి 19. మొదటివాడు 19 ఆటలే గెలిచిన జట్టులో ఆటకు 34 నిమిషములు బంతిని తన చేతనే పెట్టుకొన్నవాడు. బలహీనమైన జట్టులో కూడ ఎవరో ఒకరు పాయింట్లు చేయక తప్పదు. అతడు విసరిన నూరింటిలో నలుబది మాత్రమే పడుచుండెను. ఆ లోపము తరువాత తీరలేదు, గాయములు తోడైనవి. 2015 ఫిబ్రవరిలో అతడు మిల్వాకీకే వచ్చి ఆంటెటోకుంపో సరసన ఆడుట విధివిలాసము. ఈ రెండవవాని సగటు ఏటేట 6.8 నుండి 12.7కు, 16.9కు, 22.9కు, 26.9కు పెరుగుచు పోయెను. 2015–16 సీజను చివర శిక్షకుడు జేసన్ కిడ్, అంత పొడగరి చేతికి బంతి నడుపు భారమును అప్పగించెను. సామాన్యముగా అది పొట్టివారు చేయు పని. ఆ నమ్మకము ఫలించినది. 2019, 2020 సంవత్సరములలో అతడు లీగులోకెల్ల శ్రేష్ఠుడనిపించుకొనెను. 2021 జూలై 20వ తేదీన తుది పోటీ ఆరవ ఆటలో 50 పాయింట్లు చేసి మిల్వాకీని విజేతగా నిలిపెను. ఎవరును అడ్డగింపక విసరు ఫ్రీ త్రోలలో అతడు బలహీనుడని లోకము పరిహసించుచుండగా, ఆ రాత్రి 19 విసరి 17 వేసెను.

మన దేశమునకును ఈ విషయమున ఒక అనుభవము కలదు. పంజాబులోని బల్లో కే అను పల్లెలో పుట్టిన సత్నామ్ సింగ్ 7 అడుగుల 2 అంగుళముల పొడగరి. 14 ఏండ్ల వయసున, 2010లో, శిక్షణకై ఫ్లోరిడా పోయెను. 2015 ఎంపికలో డాలస్ జట్టు అతనిని 52వ స్థానమున ఎన్నుకొనెను. భారతదేశమునుండి ఈ గౌరవము పొందిన మొదటివాడతడే. దిగువ లీగులో రెండు సీజనులు ఆడెను గాని, ఎన్.బి.ఏ. ఆటలో ఒక్క నిమిషమైనను అతనికి దక్కలేదు. ఎన్నిక యగుట తలుపు తెరచుట మాత్రమే. లోపల నడచుటకు దారి, నడిపించుటకు తోడు కూడ కావలెను.

వీరి కథలనుండి పోల్చువారు నేర్వదగినవి నాలుగు. ఒకటి, వయసు సరిచూచి పోల్చుట. రెండు, ఎంత చేసినాడని అడుగుటకు ముందు, ఎంత అవకాశము ఇచ్చితిమని అడుగుట. మూడు, మొత్తమును గాక నాణ్యమును చూచుట: పదిమారులు విసరి ఆరు వేసినవాడు, ఇరువదిమారులు విసరి ఏడు వేసినవానికంటె ఆశ కల్పించువాడు. నాలుగు, వానిని పరునితో పోల్చుటకు ముందు, నిరుటి వానితో పోల్చుట. ఈ నాలుగింటిని పాటించినను పొరపాటు పడవచ్చును. గాయమును, వ్యాధిని ఏ లెక్కయు ముందు చెప్పజాలదు. కాని అన్యాయము తగ్గును.

మన ఊరి పాఠశాల మైదానమున సాయంకాలము ఆట జరుగుచుండగా ఒకమారు పోయి చూడుడు. పొడుగైన నలుగురు పిల్లలు బంతిని తమలో తాము పంచుకొనుచుందురు. గట్టు మీద మోకాళ్ల చుట్టు చేతులు వేసికొని ఒక చిన్నవాడు కూర్చుండి చూచుచుండును. వాడు ఆంటెటోకుంపో కావలెనని లేదు. పెద్దవాడై ఏ బ్యాంకులోనో లెక్కలు వ్రాసికొనవచ్చును. అందును లోపము లేదు. కాని వానికి ఏమి చేతనగునో తెలిసికొనుటకు మార్గ మొక్కటే ఉన్నది. ఉపాధ్యాయుడు ఈల ఊది వానిని లోపలికి పిలువవలెను. పది నిమిషములు బంతి వాని చేతికి రావలెను. ఇంటికి వచ్చిన పిదప, పొరుగింటివాడు ఎన్ని వేసెనని గాక, నిన్నటికంటె నేడు నీవేమి నేర్చితివని వాని తల్లి అడుగవలెను.